జపాన్ వెళ్లేవాళ్లకు: గుమ్మం, స్నానం, రైలు, భోజనం దగ్గర పాటించాల్సిన పద్ధతులు

జపాన్‌లో మనం ఏదైనా పద్ధతి తప్పితే మొహం మీద చెప్పేవాళ్లు తక్కువ. కాస్త పక్కకు జరుగుతారు, లేదంటే మాట్లాడకుండా తామే సర్దుకుంటారు. అందువల్ల రెండు వారాలు తిరిగొచ్చినవాళ్లకు కూడా తమ వల్ల ఎవరు ఎక్కడ ఇబ్బంది పడ్డారో తెలియకుండానే ఉండిపోతుంది. అక్కడి నియమాలు వందల కొద్దీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే: ఈ నీళ్లు, ఈ నేల, ఈ సీటు నా తర్వాత ఇంకొకరు వాడుకోవాలి. ఇది గుర్తుంటే ఏ నియమం ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఎవరూ చెప్పని సందర్భం ఎదురైనా ఏం చేయాలో తోస్తుంది.

గుమ్మం దగ్గర

ఇంట్లోకి చెప్పులతో వెళ్లకపోవడం మనకు కొత్త కాదు. తేడా వచ్చేది విడిచే చోటులో. మనం గుమ్మం బయట విడుస్తాం, వాళ్లు తలుపు దాటాక లోపల విడుస్తారు. తలుపు తీయగానే గెంకన్ అనే చిన్న పల్లపు చోటు ఉంటుంది. అది వీధితో సమానం. దానికి జానెడు ఎత్తున ఉన్న నేల దగ్గర ఇల్లు మొదలవుతుంది. బూట్లు పల్లంలో విప్పి, విప్పిన కాలు ఆ పల్లానికి తగలకుండా నేరుగా పైకి అడుగు వేయాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. రెండు బూట్లూ విప్పేసి, సాక్సులతో పల్లంలో నిలబడి, ఆ వీధి దుమ్ముతోనే ఇంట్లోకి ఎక్కుతారు. పైకి ఎక్కాక వంగి, బూట్ల మొనలు తలుపు వైపు ఉండేలా తిప్పి పక్కగా పెట్టండి. తాళ్లు కట్టే బూట్ల కన్నా సులువుగా విప్పి తొడుక్కునేవి మేలు, రోజుకు నాలుగైదుసార్లు విప్పాల్సి రావచ్చు. వట్టికాళ్లకు చెప్పులేసుకుని తిరిగే అలవాటున్నవాళ్లు సంచిలో ఒక జత ఉతికిన సాక్సులు ఉంచుకుని, లోపల అడుగుపెట్టేటప్పుడు తొడుక్కోవాలి.

లోపల స్లిప్పర్లు ఇస్తారు. అవి చెక్క నేలకే. తతామి చాపలు పరిచిన గది వస్తే గడప దగ్గరే వాటిని వదిలి సాక్సులతో నడవాలి. తతామి పైపొరను ఇగుసా అనే తుంగలాంటి గడ్డితో నేస్తారు. సూట్‌కేసు చక్రాలు దాని మీద దొర్లితే పోగులు తెగుతాయి, ఆ గీతలు ఇక పోవు. పెట్టెను చేత్తో ఎత్తి తీసుకెళ్లి చెక్క నేల మీదో, దానికోసం ఉంచిన బల్ల మీదో పెట్టండి. గదిలో ఒక పక్క చిత్రపటం, పూలు అమర్చిన అర కనిపిస్తే దాన్ని తోకోనోమా అంటారు. ఖాళీగా ఉంది కదా అని సంచులు అందులో పెట్టకూడదు, పిల్లల్ని ఎక్కనివ్వకూడదు.

మరుగుదొడ్డి గుమ్మం దగ్గర ఇంకో జత స్లిప్పర్లు విడిగా ఉంటాయి. ఇంట్లో తిరిగేవి బయట విడిచి, వాటిని తొడుక్కుని వెళ్లి, వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే వదలాలి. వాటితోనే హాల్లోకి వచ్చేయడం విదేశీయులు అందరికన్నా ఎక్కువగా చేసే తప్పు, ఇంటివాళ్లకు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది కలిగించేదీ అదే.

నీళ్లతో కడుక్కోవడం అలవాటైనవాళ్లకు జపాన్‌లో చింత లేదు. హోటళ్లలో, పెద్ద దుకాణాల్లో, చాలా స్టేషన్లలో సీటుకే నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. కూర్చున్నాకే మీట నొక్కండి, ఆపే మీట ఎక్కడుందో ముందే చూసుకోండి. గోడకు విడిగా ఎర్ర మీటో, తాడో ఉంటే అది సహాయం కోసం పిలిచేది. నీళ్లు వదిలేది అనుకుని దాన్ని నొక్కితే సిబ్బంది పరిగెత్తుకొస్తారు. అక్కడి కాగితం నీళ్లలో కరుగుతుంది, తొట్టిలోనే వేయాలి, పక్కన డబ్బాలో కాదు. మరుగుదొడ్డి నేల మాత్రం పొడిగానే ఉండాలి. ఆ నేలకు చాలాచోట్ల తూము ఉండదు. చెంబుతో నీళ్లు పోస్తే అవి పోయే దారి లేక కింది అంతస్తులోకి దిగుతాయి. చేతులు తుడుచుకోవడానికి ఒక చిన్న రుమాలు జేబులో ఉండాలి, చాలా బహిరంగ మరుగుదొడ్లలో కాగితమూ ఉండదు, వేడిగాలి యంత్రమూ ఉండదు.

వేడినీటి స్నానం

భూమిలోంచి ఉబికే వేడినీటి స్నానశాలను ఒన్సెన్ అంటారు. ఊళ్లో మామూలు నీళ్లు కాచి నడిపేది సెంతో. టోక్యోలో సెంతో రుసుమును 2024 ఆగస్టులో పెద్దలకు 550 యెన్లు చేశారు. రెండింటిలోనూ పద్ధతి ఒకటే: తొట్టి ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, రుద్దుకున్నాక నానడానికి. ఆ నీళ్లలోనే మీ తర్వాత రోజంతా ఎందరో దిగుతారు. మిగతా నియమాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడి గదులు. గుమ్మానికి వేలాడే గుడ్డ తెర సాధారణంగా మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు ఎరుపు. కొన్ని బసల్లో రాత్రికీ పొద్దుటికీ రెండు గదుల్నీ అటుదిటు మారుస్తారు. రాత్రి వెళ్లిన గది కదా అని పొద్దున్నే చూడకుండా దూరిపోవద్దు, తెర మీది అక్షరం చూసుకోండి. పిల్లల విషయంలోనూ జాగ్రత్త. టోక్యోలో 2022 నుంచి ఏడేళ్లు, ఆపై వయసు మగపిల్లల్ని ఆడవాళ్ల గదిలోకి, ఆడపిల్లల్ని మగవాళ్ల గదిలోకి తీసుకెళ్లనివ్వరు. డైపర్లు వదలని పసిపిల్లల్ని చాలాచోట్ల తొట్టిలో దించనివ్వరు.

బట్టలన్నీ విప్పి బుట్టలోనో అరలోనో పెట్టాలి. ఈత దుస్తులు, లోదుస్తులు, లుంగీ ఏవీ పనికిరావు, బట్టల్లోని సబ్బూ మురికీ నీళ్లలో కలుస్తాయని. చిన్న తువ్వాలు ఒకటే వెంట తీసుకెళ్లాలి. ఫోన్ ఆ గదిలోకి అసలు తీసుకెళ్లకూడదు, ఫొటోలు తీసే ఉద్దేశం లేకపోయినా సరే.

లోపల గోడవారగా పీటలు, షవర్లు ఉంటాయి. పీట మీద కూర్చునే స్నానం చేయండి. నిలబడితే సబ్బు నీళ్లు పక్కవాళ్ల మీద పడతాయి. తలకు నూనె పెట్టుకునేవాళ్లు ఇక్కడ తొందరపడకూడదు. కొబ్బరినూనె ఒకసారి షాంపూతో పూర్తిగా పోదు, రెండుసార్లు రుద్దాలి. లేకపోతే తొట్టి నీళ్ల మీద నూనె తెట్టు తేలుతుంది. సున్నిపిండి తీసుకెళ్లవద్దు, తూములో పేరుకుంటుంది. స్నానం అయ్యాక సబ్బు నురగ ఒంటి మీద మిగలకుండా కడుక్కుని, మీరు కూర్చున్న పీటను, బకెట్‌ను కూడా నీళ్లతో కడిగి యథాస్థానంలో పెట్టండి.

నీటి వేడి సాధారణంగా 40 నుంచి 43 డిగ్రీలు. ఒక్కసారిగా దిగితే కళ్లు తిరుగుతాయి. ముందు కాళ్ల మీద, తర్వాత భుజాల మీద కాసిని నీళ్లు పోసుకుని, మెల్లగా దిగండి. పొడుగు జుట్టు ముడి వేసుకోవాలి, అది నీళ్లను తాకకూడదు. తువ్వాలు కూడా నీళ్లలో ముంచకుండా మడిచి తల మీదో గట్టు మీదో పెట్టుకోవాలి. మొదటిసారి ఐదు నుంచి పది నిమిషాలు చాలు. బీపీ ఉన్నవాళ్లు, మద్యం తాగినవాళ్లు దిగకపోవడమే మంచిది. బయటికి వచ్చేముందు ఆ తువ్వాలునే పిండి ఒళ్లు తుడుచుకోండి, బట్టలు మార్చుకునే గది నేల తడవకూడదు. తర్వాత మంచినీళ్లు తాగాలి.

మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వెండి గురించి. గంధకం ఉన్న నీళ్లలో మెట్టెలు, పట్టీలు నిమిషాల్లో నల్లబడతాయి. నీళ్లకు కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తోందంటే గంధకం ఉన్నట్టే. కుసాత్సు లాంటి చోట్లకు వెళ్తే వెండి నగలు గదిలోనే తీసిపెట్టి బయల్దేరండి.

పచ్చబొట్టు ఉంటే చాలా ఒన్సెన్లలో రానివ్వరు, గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది. చిన్నదైతే అతికించి కప్పే పట్టీలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. కినోసాకి ఊళ్లోని స్నానశాలల్లో పచ్చబొట్టుకు అభ్యంతరం లేదు. చేతినిండా ముదురు గోరింటాకు ఉంటే దాన్నీ పచ్చబొట్టు అనుకునే అవకాశం ఉంది, ముందుగా అడగడం మేలు. నలుగురిలో బట్టలు లేకుండా స్నానం మీకు కుదరదనిపిస్తే బలవంతంగా వెళ్లాల్సిన పనిలేదు. కషికిరి అని అడిగితే ముప్పావు గంటో గంటో కుటుంబానికి విడిగా గది అద్దెకిచ్చే బసలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బస బుక్ చేసేటప్పుడే ఇది చూసుకోవాలి.

బసలో ఇచ్చే యుకాతా అనే నూలు అంగీని కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. తిరగేసి కట్టేది శవానికే. ఎవరింట్లోనైనా అతిథిగా ఉంటే, స్నానం అయ్యాక తొట్టి నీళ్లు వదిలేయకండి. ఆ నీళ్లలోనే ఇంటిల్లిపాదీ వరసగా దిగుతారు. మూత పెట్టి వచ్చేయండి.

రైళ్లు, బస్సులు

ముందుగా సుయికా, పాస్మో, ఇకోకా అనే ప్రయాణ కార్డుల్లో ఏదో ఒకటి తీసుకోండి. దాదాపు అన్ని పెద్ద ఊళ్లలో రైళ్లకు, బస్సులకు, కన్వీనియన్స్ స్టోర్లలో కొనుగోళ్లకు పనికొస్తుంది. గరిష్ఠంగా 20,000 యెన్లు వేసుకోవచ్చు. మనిషికొకటి కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం చార్జీ, దానికి పాస్‌పోర్ట్ చూపించి పిల్లల కార్డు తీసుకోవాలి. దిగేచోట డబ్బు చాలక గేటు మూసుకుంటే కంగారు పడి వెనకాలవాళ్లకు అడ్డంగా నిలబడొద్దు. పక్కకు జరిగి, గేటుకు లోపలి వైపునే ఉండే చార్జీ సరిచేసే యంత్రంలో నగదు వేసి మళ్లీ రండి.

ప్లాట్‌ఫాం మీద తలుపు ఆగే చోట గీతలుంటాయి. వాటి వెంట వరసలో నిలబడి, తలుపు తెరుచుకోగానే రెండు పక్కలకూ తప్పుకుని, దిగేవాళ్లంతా దిగాక ఎక్కాలి. గులాబీ రంగు గుర్తులున్న రైలు పెట్టె రద్దీ వేళల్లో ఆడవాళ్లకే. వీపు సంచిని తీసి ముందుకు తగిలించుకోవాలి. మెట్రోలో, లోకల్ రైళ్లలో తినరు. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్కన, ఒసాకాలో కుడి పక్కన నిలబడటం అలవాటు. నడవకుండా రెండు పక్కలా నిలబడమని సైతామా రాష్ట్రం 2021లో, నగోయా నగరం 2023లో నిబంధన తెచ్చాయి, కాబట్టి అక్కడ ఎవరినీ తోసుకుని ఎక్కొద్దు.

ఫోన్ సంగతి గట్టిగా చెప్పాలి. రైల్లో ఫోన్ మాట్లాడరు, మోగనివ్వరు. ఇంటికి వీడియో కాల్ చేసి కిటికీలోంచి ఊరు చూపించడం, స్పీకర్ పెట్టుకుని రీల్స్ చూడటం పెట్టెలో అందరినీ ఇబ్బంది పెడతాయి. నలుగురైదుగురు కలిసి వెళ్తే మన మామూలు గొంతే అక్కడ పెద్దగా వినిపిస్తుంది. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో కాల్ తప్పనిసరైతే లేచి రెండు పెట్టెల మధ్య ఉండే వాకిట్లోకి వెళ్లి మాట్లాడండి. షింకన్‌సెన్‌లో భోజనం చేయొచ్చు, స్టేషన్లో అమ్మే ఎకిబెన్ డబ్బాలు దానికోసమే. అయితే ఊరగాయ సీసా మూత తీస్తే వాసన పెట్టె మొత్తానికీ వెళ్తుంది, దాన్ని గదికి ఉంచుకోండి. సీటు వెనక్కి వాల్చేముందు వెనకవాళ్ల వైపు తిరిగి చిన్నగా తల వంచితే చాలు. దిగేముందు సీటును నిటారుగా చేసి, ఖాళీ డబ్బా తీసుకెళ్లి వాకిట్లోని చెత్త అరలో వేయాలి.

మన కుటుంబాలకు అసలు చిక్కు సామాను. టోక్యో నుంచి ఒసాకా, ఫుకుఓకా వైపు వెళ్లే షింకన్‌సెన్లలో సామాను పెట్టె పొడవు, వెడల్పు, మందం కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, దాని చోటుతో కలిపి వచ్చే సీటు ముందుగా రిజర్వు చేసుకోవాలి. దీనికి అదనపు రుసుము లేదు. చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టించుకుంటారు. 250 సెంటీమీటర్లు దాటినవి ఎక్కించనివ్వరు. ఇంట్లోనే టేపుతో, చక్రాలూ పిడీ కలిపి కొలవండి. విమానంలో వేసే పెద్ద పెట్టెలు 160 హద్దుకు చాలా దగ్గరగా ఉంటాయి. ఇంతకన్నా హాయైన దారి తక్క్యూబిన్, అంటే సామాను చేరవేసే సేవ. హోటల్ కౌంటర్లో పొద్దున్నే పెట్టె ఇచ్చి, తర్వాతి హోటల్ చిరునామా, దిగే తేదీ చీటీలో రాయిస్తే టోక్యో నుంచి క్యోటోకు సాధారణంగా మర్నాటికి చేరుతుంది. సైజును, దూరాన్ని బట్టి పెట్టెకు సుమారు 2,000 నుంచి 3,500 యెన్లు. ఒక రాత్రికి కావాల్సిన బట్టలు, మందులు, డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. పాస్‌పోర్ట్ అందులో పెట్టనే కూడదు. పర్యాటకులు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టం.

బస్సులు ఊరికో తీరు. క్యోటో నగర బస్సులో వెనక తలుపున ఎక్కి, ముందు నుంచి దిగుతూ 230 యెన్లు వేయాలి. టోక్యో నగర బస్సుల్లో ముందు తలుపున ఎక్కుతూనే 210 యెన్లు. క్యోటో బస్సులో డబ్బుపెట్టె చిల్లర తిరిగి ఇవ్వదు. పక్కనున్న యంత్రంలో 1,000 యెన్ల నోటు మార్చుకోవచ్చు, ఆ పని దిగే స్టాపు వచ్చాక కాకుండా బస్సు ఆగి ఉన్నప్పుడు ముందే చేసుకోండి. దూరాన్ని బట్టి చార్జీ పడే బస్సులో ఎక్కగానే అంకె ఉన్న చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందు తెర మీద ఆ అంకె కింద చూపించినంత చెల్లించాలి. టాక్సీ వెనక ఎడమ తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు. మీరు లాగొద్దు.

భోజనం

కూర్చోగానే ఇచ్చే తడి తువ్వాలు చేతులకే. మొహం, మెడ తుడుచుకోవద్దు. చాప్‌స్టిక్స్‌తో రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అన్నంలో వాటిని నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్లకు పెట్టే కూడు అలా ఉంటుంది. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకూడదు, దహనం తర్వాత అస్థికల్ని బంధువులు అలా ఎత్తుతారు. ఈ రెండూ చూస్తే పక్క బల్లవాళ్లకు కూడా మనసు చివుక్కుమంటుంది. మిగతావి చిన్న తప్పులు: పుల్లలతో గిన్నె లాక్కోవడం, మనుషుల్ని చూపించడం, ఏది తీసుకుందామా అని వంటకాల మీద గాల్లో తిప్పడం. అన్నం గిన్నె, సూపు గిన్నె చేత్తో నోటి దగ్గరకు ఎత్తుకోవాలి. నూడుల్స్ జుర్రుకుంటే తప్పు లేదు. అందరికీ కలిపి వచ్చిన పళ్లెంలోంచి వడ్డించుకునే పుల్లలతో తీసుకోవాలి. ఎంగిలి పట్టింపుతో పెరిగిన మనకు ఇది సులువుగానే వస్తుంది. ఒసాకాలో పుల్లకు గుచ్చి వేయించే కుషికత్సుకు సాస్ డబ్బా అందరికీ ఒకటే పెట్టిన చోట, కొరికిన ముక్కను మళ్లీ ముంచకూడదు.

చేత్తో తినొచ్చా? ఒనిగిరి అనే అన్నపు ముద్దలు, సుషీ చేత్తో తినడం అక్కడివాళ్లకూ మామూలే. గిన్నెలో అన్నం మాత్రం చేత్తో కలపొద్దు. పుల్లలు పట్టడం రాకపోతే "సుపూన్ కుదసాయ్" అంటే చెంచా ఇస్తారు.

శాకాహారులకు ఎదురయ్యే అసలు అడ్డంకి దాషి. కత్సువో అనే చేపను పొగబెట్టి ఎండబెట్టి, ఆ పొట్టుతో కాచిన రసం అది. మిసో సూపులో, ఉడాన్ నూడుల్స్ రసంలో, సోబా నూడుల్స్ నంజుడులో, తెంపురా వేపుడుకు ఇచ్చే పులుసులో, ఉడికించిన కూరగాయల్లో, చివరికి గుడ్డట్టులో కూడా అదే ఉంటుంది. ముక్క కనిపించదు కాబట్టి "చేప లేదు" అని వాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. అందుకే మాంసం లేదా అని అడిగితే సరిపోదు. "నికు, సకానా, కత్సువో దాషి వ తబెరారెమాసెన్" అని చెప్పాలి: మాంసం, చేప, కత్సువో రసం తినలేమని. ఈ వాక్యాన్ని జపనీస్ లిపిలో ఫోన్లో పెట్టుకుని చూపించడం ఇంకా మంచిది. గుడ్డు తినకపోతే "తమాగో" కూడా కలపండి. జపాన్ కూరలో కలిపే మసాలా ముద్దల్లో తరచుగా గొడ్డు కొవ్వో, పంది కొవ్వో ఉంటుంది, కూరగాయల కూర అని రాసి ఉన్నా అడగాలి.

సురక్షితంగా దొరికేవి: ఉప్పు ఒనిగిరి, కీరదోసతో చేసే సుషీ చుట్ట కప్పామాకి, ఉడికించిన సోయా కాయలు. చల్లటి తోఫు మీద చేప పొట్టు చల్లుతారు, "కత్సువోబుషి నాషి దె" అని ముందే చెప్పండి. టోక్యో స్టేషన్ గేట్ల లోపల టీస్ తన్‌తన్ హోటల్లో మాంసం, చేప ఏమీ లేని రామెన్ నూడుల్స్ దొరుకుతాయి. కోకో ఇచిబాన్యా కూర హోటళ్లలో చాలావాటిలో జంతు పదార్థాలు లేని కూర ఉంటుంది. కోయాసాన్ కొండ మీది ఆలయ బసల్లో సన్యాసుల వంట, షోజిన్ ర్యోరి, సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాచిన రసంతో చేస్తారు. శాకాహారి ఒక్క చోటికే వెళ్లగలిగితే అక్కడికే వెళ్లాలని మా సలహా.

ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మన 230 వోల్టుల కుక్కర్ సరిగా వేడెక్కదు. పైగా హోటల్ గదుల్లో వంట నిషేధం, పొగ గుర్తించే యంత్రాలు ఉంటాయి. కన్వీనియన్స్ స్టోర్లో వండిన అన్నం పెట్టెలు అమ్ముతారు, రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే చాలు. కందిపొడి, పచ్చడి గదిలో దాంతో కలుపుకోవచ్చు. బయటి తిండి భోజన హోటల్ బల్ల మీద విప్పడం మాత్రం కుదరదు. ఒక ప్లేటు తెప్పించుకుని నలుగురు పంచుకోవడమూ మర్యాద కాదు. చిన్న హోటళ్లలో కూర్చున్న ప్రతి పెద్దవాళ్లూ ఒక్కో వంటకమైనా తీసుకోవాలి.

రామెన్ కొట్లలో గుమ్మం దగ్గర టికెట్ యంత్రం ఉంటుంది. ముందు డబ్బు వేసి, తర్వాత మీట నొక్కి, వచ్చిన చీటీని వంటవాళ్లకు ఇవ్వాలి. 2024 జులై 3న కొత్త నోట్లు వచ్చాయి. పాత యంత్రాలు కొన్ని వాటిని తీసుకోవు, 1,000 నోటుకు మించినవీ తీసుకోవు. నాణేలు దగ్గర ఉంచుకోండి. తినడం అవగానే లేవాలి, బయట వరసలో మనుషులుంటారు. ఇజాకాయా అనే మద్యం, చిరుతిళ్ల హోటల్లో అడగకుండానే వచ్చే చిన్న గిన్నె ఓతోషి. మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో కలుస్తుంది. అది మోసం కాదు, కూర్చున్నందుకు రుసుము.

డబ్బు, దుకాణాలు

టిప్పు ఇవ్వరు, తీసుకోరు. బల్ల మీద వదిలేస్తే మరిచిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. బిల్లు తీసుకెళ్లి కౌంటర్ దగ్గర కట్టాలి, డబ్బు చేతికి కాకుండా అక్కడున్న చిన్న పళ్లెంలో పెట్టాలి. ధర తగ్గించమని బేరమాడొద్దు. బట్టలు వేసి చూసుకునే గదిలోకి బూట్లు విప్పి వెళ్లాలి. ఆడవాళ్లకు మొహం మీద వేసుకునే పల్చటి ముసుగు ఇస్తారు, కొత్త బట్టకు పౌడర్ అంటకుండా. నగదు అయిపోతే సెవెన్ ఇలెవెన్‌లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి.

గుళ్ల దగ్గర

జపాన్ సొంత మతమైన షింతో గుడి ఆవరణలో బూట్లతోనే నడుస్తారు. చెక్క మండపం లోపలికి ఎక్కేటప్పుడే విప్పాలి. ద్వారం బయటే చెప్పులు వదిలేసి కంకర మీద వట్టికాళ్లతో నడవనక్కర్లేదు. తోరీ ద్వారం దగ్గర తల వంచి, మధ్య దారి దేవుడిదని వదిలి పక్కగా వెళ్లాలి. నీళ్ల తొట్టి దగ్గర గరిటె కుడిచేత్తో పట్టి ఎడమచెయ్యి, తర్వాత చెయ్యి మార్చి కుడిచెయ్యి కడుక్కుని, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. గరిటెను నోటికి తాకించకూడదు, పుక్కిలించిన నీళ్లు తొట్టిలో ఉమ్మకూడదు. చివరగా గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి దాన్ని కడుగుతాయి. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్లతో కావాలి. హుండీలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగాలి. ఇజుమో తైషా గుడిలో నాలుగు చప్పట్లు. బౌద్ధాలయంలో చప్పట్లు ఉండవు, చేతులు జోడిస్తే చాలు.

వీధిలో

చెత్త డబ్బాలు కనిపించవు. 1995లో టోక్యో మెట్రోలో జరిగిన సారిన్ విషవాయు దాడి తర్వాత చాలాచోట్ల తీసేశారు. పొద్దున బయల్దేరేటప్పుడే ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకుని, పోగైన చెత్తను హోటల్‌కు తెచ్చుకోవాలి. పానీయాల యంత్రం పక్కన ఉండే డబ్బా సీసాలకు, క్యాన్లకే. టోక్యోలోని చియోదా వార్డు 2002 నుంచే వీధిలో పొగతాగితే 2,000 యెన్ల జరిమానా వేస్తోంది. పొగ తాగడానికి కట్టిన గదుల్లోనే తాగాలి. క్యోటోలో గియోన్ దగ్గరి ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి పర్యాటకుల్ని రానివ్వడం లేదు, బోర్డుల మీద జరిమానా 10,000 యెన్లని రాసి ఉంటుంది. పనికి వెళ్తున్న మైకోలను, అంటే గీషా కళ నేర్చుకునే అమ్మాయిలను ఆపి, వెంటబడి ఫొటోలు తీయకండి. వాన పడ్డప్పుడు దుకాణం గుమ్మం దగ్గర గొడుగుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, నేల తడవకుండా తొడిగి లోపలికి వెళ్లండి.

ఎవరిని పలకరించాలన్నా, దారి అడగాలన్నా, కాలు తొక్కినా "సుమిమాసెన్" ఒక్కటి వస్తే చాలావరకు గడుస్తుంది. ఏదైనా పోగొట్టుకుంటే దగ్గర్లోని కోబాన్ అనే పోలీసు గదికి వెళ్లి వస్తువు రంగు, పోయిన చోటు, సమయం చెప్పి రాయించండి. మీకు ఏదైనా దొరికినా అక్కడే ఇవ్వాలి. రైల్లో మరిచిపోతే స్టేషన్ సిబ్బందికి రైలు ఎక్కిన సమయం, ఎన్నో పెట్టె అన్నది చెప్పాలి, కాబట్టి ఎక్కేటప్పుడే ప్లాట్‌ఫాం మీది పెట్టె అంకెకు ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పోలీసులకు 110, అంబులెన్స్‌కు, అగ్నిమాపకానికి 119. ఈ రెండు అంకెలూ, మీ హోటల్ పేరూ చిరునామా జపనీస్ లిపిలో ఉన్న కార్డూ కుటుంబంలో ప్రతి ఒక్కరి జేబులో వేరువేరుగా ఉండాలి.